నా అనుభవం: కిట్ లెన్స్‌ని తిరగేసి మాక్రో లెన్స్ చేసుకున్నాను

ఈ వానాకాలం ఆరుద్ర పురుగుని ఫొటో తీశాను. ఒంటి మీద ఎర్రటి నూగు ఏ పోగుకా పోగు విడిగా కనిపిస్తోంది, ముందు కాలికి అంటుకున్న ఇసుక రేణువు కూడా తెలుస్తోంది. చిన్నవాటిని పెద్దగా తీసే, వేలకు వేలు పోసి కొన్న మాక్రో లెన్స్‌తో తీసింది కాదది. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చే 18-55 మిల్లీమీటర్ల జూమ్ కిట్ లెన్స్‌ని వెనక భాగం ముందుకి వచ్చేలా తిప్పి బిగించి తీశాను. ఎలా చేశావని చాలామంది అడుగుతున్నారు, చేసిన పని ఇంకా చేతుల్లో ఉండగానే రాసేస్తే నయం అనిపించింది. ఒక రిపేర్ షాపులో నాకు జరిగిన అవమానం గురించి కూడా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే లెన్స్ పట్టుకుని వెళ్తే మీకూ అదే జరుగుతుంది.

నాది నికాన్ డి3200. లెన్స్ మాత్రం వేరే వాళ్లది. మిర్రర్‌లెస్ అనే కొత్త రకం కెమెరాకి మారిపోతున్న ఒకాయన దగ్గర కింద పడి ఆటోఫోకస్ పోయిన 18-55 ఒకటి ఉంటే వెయ్యి రూపాయల లోపే ఇచ్చేశాడు. తిరగేసి బిగిస్తే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య కరెంటు కనెక్షనే ఉండదు, ఆటోఫోకస్ ఉన్నా లేనట్టే, కాబట్టి పోయిన మోటారుతో నాకు పని లేదు. అద్దాల్లో ఫంగస్ లేదు, జూమ్ రింగు సాఫీగా తిరుగుతోంది. పాత లెన్స్ కొనేటప్పుడు ఈ రెండే చూడండి, పైన గీతలు ఎన్ని ఉన్నా పట్టించుకోకండి.

తిరగేస్తే ఎందుకు పెద్దగా కనిపిస్తుందంటే, మామూలుగా లెన్స్ చేసే పని ఎదురుగా ఉన్న పెద్ద దృశ్యాన్ని లోపలున్న చిన్న సెన్సర్ మీదికి కుదించడం. అదే లెన్స్‌ని వెనక్కి తిప్పితే చిన్నదాన్ని పెద్దది చేస్తుంది. ఇందులో మంత్రమేమీ లేదు. జూమ్ కూడా తలకిందులవుతుంది: 55 దగ్గర తక్కువ పెద్దగా, 18 దగ్గర చాలా పెద్దగా కనిపిస్తుంది. స్కేలుని ఫొటో తీసి చూసుకున్నాను. 55 దగ్గర ఫ్రేము వెడల్పులో రెండున్నర సెంటీమీటర్ల దాకా పట్టింది, 18 దగ్గర ఆరేడు మిల్లీమీటర్లే.

లెన్స్‌ని తిరగేసి కెమెరాకి బిగించే రివర్స్ రింగు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరికింది, ఒకవైపు నికాన్ మౌంటు, ఇంకోవైపు 52 మిల్లీమీటర్ల థ్రెడ్. కిట్ లెన్స్ ఫిల్టర్ థ్రెడ్ కూడా 52 కాబట్టి నేరుగా ఎక్కేసింది. కెమెరా ఆటోలో షట్టర్ కొట్టదు, లెన్స్ లేదంటుంది, డయల్‌ని ఎం (మాన్యువల్) మీదికి తిప్పితే కొడుతుంది.

ఇంతవరకూ ఒక్క సాయంత్రం పని. అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలైంది.

వ్యూఫైండర్‌లో, అంటే కన్ను పెట్టి చూసే కిటికీలో, చూస్తే చీకటి. ఎండలో ఆకు మీద పెట్టి చూసినా ఏదో మసగ్గా కదులుతున్నట్టు ఉంది తప్ప ఏమీ తెలియట్లేదు. లెన్స్‌ని విప్పి చేత్తో పట్టుకుని వెలుతురుకి ఎదురుగా చూస్తే లోపల వెలుతురుని తగ్గించే సన్నటి రేకులు, బ్లేడ్లన్నీ మూసుకుని మధ్యలో సూది బెజ్జమంత రంధ్రం ఉంది. కెమెరాకి మామూలుగా పెడితే మాత్రం అన్నీ తెరుచుకుంటున్నాయి, అద్దంలోంచి చక్కగా కనిపిస్తోంది. ఇది నాకు బొత్తిగా అర్థం కాలేదు. హైదరాబాద్ వెళ్లే పని ఉండటంతో కోఠిలో కెమెరాలు రిపేర్ చేసే ఒక షాపుకి తీసుకెళ్లాను.

కౌంటర్ దగ్గర పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన లెన్స్ అందుకుని లోపలికి చూసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "బ్లేడ్లు ఇరుక్కుపోయినయ్ సార్, ఆయిల్ దిగింది, మొత్తం విప్పాలె" అన్నాడు. ఎంతవుతుందంటే చెప్పిన రేటు నేను ఆ లెన్స్ కొన్నదానికి రెండింతలు పైనే ఉంది. బ్లేడ్లు ఇరుక్కుంటే కెమెరాకి పెట్టినప్పుడు ఎందుకు తెరుచుకుంటున్నాయండీ అని అడిగాను. న్యాయమైన ప్రశ్నే కదా? దానికి జవాబు లేదు. రివర్స్ రింగు చూపించి ఇలా వాడదామనుకుంటున్నానని చెప్పగానే నవ్వాడు. పక్కనున్న వాళ్లకి రింగు ఎత్తి చూపించి, "మాక్రో కావాలంటే మాక్రో లెన్స్ కొంటారు, పైసల్లేనోళ్లు ఇట్ల ఉల్టా పెట్టుకుంటారు" అన్నాడు. వాళ్లూ నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. లెన్స్ తీసుకుని బయటికొచ్చేశాను. బస్సులో వరంగల్ వచ్చేదాకా ఆ మాటే మనసులో తిరుగుతూ ఉంది.

డబ్బు లేకపోవడం గురించి అన్నందుకు కాదు బాధ. రోజూ లెన్సులు విప్పే మనిషికి ఆ బ్లేడ్లు ఎందుకు మూసుకుంటాయో తెలిసి ఉండాలి. తెలిసి కూడా విప్పాలన్నాడంటే అది మోసం, తెలియకుండా అన్నాడంటే ఆ కౌంటర్ వెనక కూర్చోవడానికి అర్హత లేదు. రెండింట్లో ఏదైనా సరే, నలుగురిలో ఒకణ్ని చులకన చేయడానికి ఆయనకి ఏ హక్కూ లేదు. మీరు ఏ షాపుకి వెళ్లినా, ఎందుకు పాడైందో నోటితో వివరించలేని వాడి చేతిలో వస్తువు పెట్టకండి.

దారి చూపించింది హన్మకొండలో మా వీధి చివర గడియారాలు బాగు చేసే అన్న. నా చేతి గడియారం బెల్టు మార్చడానికి వెళ్లి, సంచిలో లెన్స్ ఉంటే ఊరికే చూపించాను. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని లెన్స్ వెనక భాగం తిప్పి తిప్పి చూశాడు. లోపలి గోడ వారన చిన్న లోహపు నాలుక లాంటిది ఒకటి ఉంది. పట్టకారు కొసతో దాన్ని పక్కకి జరిపాడు. బ్లేడ్లు టక్కున తెరుచుకున్నాయి. వదిలాడు, మూసుకున్నాయి. "తమ్మీ, ఇది స్ప్రింగు. జరిపితే తెరుచుకుంటది, వదిలితే మూసుకుంటది. ఖరాబేం కాలే" అన్నాడు. కెమెరా లెన్స్ పని ఎప్పుడూ ముట్టుకోని మనిషి! డబ్బులివ్వబోతే బెల్టుకి మాత్రమే తీసుకున్నాడు. సన్నటి యంత్రాన్ని చూసి దాని గుణం పట్టుకోగల ఇలాంటి పనివాళ్లు ప్రతి ఊళ్లో ఒకరిద్దరు మిగిలి ఉన్నారు, వాళ్ల దగ్గరికి వెళ్లడం మనమే మానేశాం.

ఆ నాలుకే అపెర్చర్ లీవర్, అపెర్చర్ అంటే బ్లేడ్ల మధ్య వెలుతురు వచ్చే రంధ్రం. నికాన్ పాత లెన్సులకి అపెర్చర్ తిప్పుకునే రింగు లెన్స్ మీదే ఉండేది. నా 18-55 లాగా పేరులో జి అని ఉన్న లెన్సులకి ఆ రింగు తీసేశారు, కెమెరాయే లోపల్నుంచి లీవర్‌ని కదిలిస్తుంది. కెమెరా నుంచి విప్పగానే పట్టుకునేది ఏదీ లేక స్ప్రింగు బ్లేడ్లని పూర్తిగా మూసేస్తుంది. 18-55లో పూర్తిగా మూయడమంటే ఎఫ్/22 (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), జూమ్ 55కి తిప్పితే ఇంకా చిన్నది. వ్యూఫైండర్‌లో చీకటి కాక ఇంకేముంటుంది! పాత 50 ఎఫ్/1.8 డి లాంటి రింగున్న లెన్స్ మీ దగ్గర ఉంటే ఈ గొడవే లేదు, తిరగేసి రింగు తిప్పుకోవడమే. పేరులో ఇ ఉన్న కొత్త నికాన్ లెన్సులకి ఈ లీవర్ ఉండదు, వాటి జోలికి పోకండి.

లీవర్ దొరికింది సరే, ఫొటో తీస్తున్నంతసేపూ దాన్ని పట్టుకునేదెవరు? ముందు పాత ఏటీఎం కార్డు లోంచి సన్నటి ముక్క కోసి, లీవర్ జరిగే సందులో దోపాను. ముక్క వెడల్పుని బట్టి బ్లేడ్లు ఎంత తెరుచుకోవాలో మన చేతిలోకి వచ్చేస్తుంది. వెడల్పు ముక్క పెడితే పూర్తిగా తెరుచుకుంటుంది, ఫోకస్ చూసుకోవడానికి హాయిగా ఉంటుంది కానీ పురుగు కన్ను ఒక్కటే స్పష్టంగా వచ్చి మిగతాదంతా అలుక్కుపోతుంది. మరీ సన్నది పెడితే మళ్లీ చీకటి, పైగా సన్నటి రంధ్రంలోంచి వెలుతురు చెదిరిపోవడం (డిఫ్రాక్షన్) వల్ల బొమ్మ మెత్తబడుతుంది. మధ్యస్థంగా, కంటి అంచనాకి ఎఫ్/8 దగ్గర ఉండేలా కోసిన ముక్క నాకు కుదిరింది. కానీ గడ్డిలో మోకాళ్ల మీద పాకుతుంటే ఆ ముక్క ఊడి పడిపోయేది.

దానికి నేను చేసిన ఉపాయం గురించి గొప్పగానే చెప్పుకుంటాను. లెన్స్ వెనక పెట్టే మూత ఉంటుంది కదా, దాని మధ్య భాగాన్ని చిన్న రంపంతో గుండ్రంగా కోసేసి అంచు మాత్రం ఉంచాను. సాండ్ పేపర్‌తో నున్నగా రుద్ది, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఆ అంచు లోపలి వైపు ఏటీఎం కార్డు ముక్కని ఎపాక్సీతో అంటించాను. ఇప్పుడు మూత బిగిస్తే ముక్క వెళ్లి లీవర్‌ని సరిగ్గా అంతే దూరం నెట్టి పట్టుకుంటుంది, ఎంత కదిపినా జారదు. మూత బయటి అంచుకి పగిలిన పాత 52 ఫిల్టర్ లోంచి తీసిన ఖాళీ రింగు కూడా అంటించాను, దానికి మామూలు యూవీ ఫిల్టర్ బిగుస్తుంది. తిరగేసినప్పుడు లెన్స్ వెనక అద్దం బయటికి వచ్చేస్తుంది, గడ్డిపోచ గీసుకున్నా వాన చినుకు పడ్డా దాని మీదే, అందుకే ఆ ఫిల్టర్ తప్పనిసరి. కోసే పనంతా మూత లెన్స్‌కి దూరంగా ఉన్నప్పుడే చేయాలి. సూపర్ గ్లూ మాత్రం వద్దు, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొరలా పట్టేస్తుంది.

ఇంకొకటి, తిరగేసిన లెన్స్ బరువంతా దాని ముందు గొట్టం మీద వేలాడుతుంది. ఫోకస్ రింగుని అనంతం దగ్గర ఉంచి ఎలక్ట్రికల్ టేపు చుట్టేశాను. ఈ లెన్స్‌లో ఫోకస్ తిప్పితే ముందు భాగమంతా తిరుగుతుంది కాబట్టి, టేపు లేకపోతే చేయి తగిలినప్పుడల్లా లెన్స్ మొత్తం గిర్రున తిరుగుతుంది.

ఫోకస్ అంటే ఇక కెమెరాని ముందుకీ వెనక్కీ జరపడమే. లెన్స్ కొస నుంచి పురుగుకి మూడు నాలుగు సెంటీమీటర్ల దూరమే ఉంటుంది, స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఎడమ మోచేతిని నేలకి ఆనించి, ఊపిరి వదిలేసి, ఒంటిని కొద్దిగా ముందుకి వంచుతూ వరసగా తీసుకుంటూ పోతే అందులో ఒకటి కుదురుతుంది. పురుగు మీద మన నీడ పడకూడదు, పడితే పారిపోతుంది. గెంతే సాలీళ్లు మాత్రం పారిపోవు, తిరిగి లెన్స్ వైపే చూస్తాయి.

వెలుతురు చాలదు, ఫ్లాష్ కావాలి. కెమెరా మీది చిన్న ఫ్లాష్‌నే మెనూలో మాన్యువల్‌లో పెట్టి నాలుగో వంతు పవర్‌తో, షట్టర్ వేగం 1/200 సెకను, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 200తో వాడుతున్నాను. నేరుగా కొడితే లెన్స్ నీడ పురుగు మీదే పడుతుంది. పెరుగు డబ్బా తెల్లటి మూతకి లెన్స్ పట్టేంత రంధ్రం చేసి లెన్స్ చివర తొడిగాను. ఫ్లాష్ వెలుతురు ఆ మూతంతా పరుచుకుని పురుగు మీద మెత్తగా పడుతుంది. ఆరుద్ర పురుగు ఎరుపు మండిపోకుండా వచ్చిందంటే ఆ మూత వల్లే.

ఖరీదైన మాక్రో లెన్స్ ఉన్న స్నేహితుడు ఒకడు నా ఫొటో చూసి ఏ లెన్స్ అని అడిగాడు. చెప్తే నమ్మక, వచ్చి తిరగేసిన లెన్స్ చేత్తో పట్టుకుని చూశాడు. వాడి లెన్స్ సాధారణంగా వెళ్లేది ఒకటికి ఒకటి దాకానే, అంటే వస్తువు ఎంతుందో సెన్సర్ మీద బొమ్మా అంతే, నాది 18 దగ్గర దానికి మూడింతలు దాటి వెళ్తుంది. దూరం నుంచి తీయడం, ఆటోఫోకస్, ఎండలో సీతాకోకచిలుకలు, వీటిలో వాడి లెన్స్‌దే పైచేయి, అది ఒప్పుకుంటాను. నేల మీద మెల్లగా పాకే వాటికి నాది చాలు.

కెనాన్ వాళ్లకి కథ వేరు. కెమెరా నుంచి విప్పితే వాళ్ల లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది, లీవర్ ఉండదు. ముందు లెన్స్‌ని మామూలుగా బిగించి, ఎఫ్/8 పెట్టి, డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ (బ్లేడ్లని పెట్టిన అంకెకి మూసి చూపించేది) నొక్కి పట్టుకునే లెన్స్ విప్పేయండి, బ్లేడ్లు అక్కడే ఆగిపోతాయి, తర్వాత తిరగేసి బిగించుకోండి. 18-55 కెనాన్‌కి రింగు 58 కొనాలి, 52 కాదు. మొదటి రోజే 18కి తిప్పకండి, పురుగు ఎక్కడుందో కూడా దొరకదు. 55 దగ్గర మొదలుపెట్టి, కదలని వాటితో, ఉప్పు గల్లో బియ్యపు గింజో పెట్టుకుని చేయి కుదిరాక బయటికి వెళ్లండి.