గూడెప్పాడ్ దాటినంక ఆగిపోయే ఏసీ

మా బాపు గుండెకు స్టెంట్ వేసి రెండేండ్లయింది. ఎండల తిరగొద్దని డాక్టర్ గట్టిగనే చెప్పిండు. ఆయన పరకాల విడిచి రాడు, నేను వరంగల్ విడిచి పోలేను. నెలకోసారి పొద్దున్నే పోయి ఆయనను కారులో ఎక్కించుకొని హన్మకొండకు చెకప్‌కు తీసుకొస్త.

ఎండాకాలంలో ఆ ప్రయాణమంటే నాకు భయం. పరకాలలో ఎక్కినప్పుడు ఏసీ మంచిగనే కొడుతది. ఇరవై ఐదు నిమిషాలకు, సరిగ్గా గూడెప్పాడ్ చౌరస్తా వచ్చేసరికి, గాలి వేడెక్కుతది. అద్దాలు దించితే వడగాలి. బాపు తువ్వాల తడిపి తల మీద వేసుకొని ఒక్క మాట అనకుండ కూర్చుంటడు. ఆయన ఏమన్నా అంటే బాగుండునని అనిపించేది.

రెండు ఎండాకాలాలు వరుసగా ఒక దుకాణానికి పోయిన. రెండుసార్లూ బానెట్ లేపి పైపు మీద చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందన్నా" అన్నరు. 1800 రూపాయలు. గ్యాస్ పట్టినంక వారం పది రోజులు బాగున్నట్టు అనిపించి, మళ్లీ అదే కథ. మూడో ఏడు నేనే కూర్చొని దాని సంగతి చదివిన, తెలిసినోళ్లను అడిగిన.

మొదలు తెలుసుకోవాల్సింది ఒకటున్నది. కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్ లెక్క ఖర్చయ్యేది కాదు. మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతనే ఉంటది. కంప్రెసర్ దాన్ని ఒత్తుతది, ముందటి కండెన్సర్‌లో వేడి వదిలి ద్రవమయితది, సన్న రంధ్రం దాటి డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్‌లో మళ్లీ ఆవిరై చల్లదనం ఇస్తది. ఇంట్లో ఫ్రిజ్‌కు ఏటేటా గ్యాస్ పట్టిస్తున్నమా? కారుకు రబ్బరు పైపులు, తిరిగే సీలు ఉంటయి కాబట్టి ఏండ్ల మీద కొంచెం తగ్గుడు నిజమే. కానీ ఏడాదిలోనే ఖాళీ అయితే ఎక్కడో లీకున్నట్టు. ఆ లీకు వెతకకుండ మళ్లీ గ్యాస్ పట్టుడంటే ఓటి కుండలో నీళ్లు పోసుడే. నా కారులోనైతే లీకు కూడ లేదు.

నేను ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. కారు రోజంతా ఆ యార్డులోనే ఉంటది. దసరా నుంచి పత్తి, మాఘమాసం దాటినంక మిర్చి. బస్తాలు కుమ్మరిస్తుంటే లేచే కోరు, అంటే ఆ ఘాటు దుమ్ము, ఎట్లుంటదో అక్కడ పని చేసినోళ్లకు తెలుసు. ఒక ఆదివారం పొద్దున ఇంజన్ చల్లగున్నప్పుడు ముందటి గ్రిల్ విప్పి, టార్చి వేసి కండెన్సర్ చూసిన. రేకులు కనపడలే. సన్నటి అల్యూమినియం రేకుల మీద పత్తి నూగు పేరుకొని, దాంట్లో ఎర్ర కోరు కూరుకొని, ఒక గొంగడి కప్పినట్టున్నది. వేలితో గీకితే పొర పొరగా ఊడొచ్చింది.

కండెన్సర్ వేడి వదలాలంటే దాని నడుమ నుంచి గాలి పోవాలె. రోడ్డు మీద 60లో పోతుంటే గాలి కొంచెమన్నా దూరుతది. సిగ్నల్ దగ్గర ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు, ఆ ఫ్యాన్ గొంగడిలో నుంచి గాలి గుంజలేదు. నడుస్తుంటే చల్లగ, ఆగితే వేడిగ వస్తున్నదంటే గ్యాస్ కంటే ముందు ఇటు చూడాలె.

మూతికి తువ్వాల కట్టుకొని, పెయింట్ వేసే మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి, రేకుల వాలు వెంబడే దులిపిన. అడ్డం గీస్తే రేకులు వంగిపోతయి, అవి కాగితం కంటే కొంచెమే గట్టి. సర్వీసింగ్‌లో కొట్టే ప్రెషర్ నీళ్లు అస్సలు వద్దు. మామూలు పైపుతో ఇంజన్ వైపు నుంచి ముందుకు నీళ్లు వదిలిన. వాకిలంతా ఎర్రగ పారింది. నాలుగు బకెట్లయినంక గానీ తేట నీళ్లు రాలే. ఎంత కట్టుకున్నా తుమ్ములు ఆగలే, కండ్లు మండినయి.

అదే ఊపులో గ్లోవ్ బాక్స్ దించి క్యాబిన్ ఫిల్టర్ బయటికి తీసిన. మడతల్లో మిరప గింజలు కనపడ్డయి. అప్పుడు నాకు మనసుల కలుక్కుమన్నది. "ఏసీ పెడితే దగ్గొస్తాంది కొడుకా" అని బాపు ఎన్నిసార్లు అన్నడో! వయసు దగ్గనుకున్న. గుండె జబ్బు మనిషి ముఖానికి రెండేండ్లు మిర్చి కోరు కొట్టిన. 250 రూపాయల ఫిల్టర్, విప్పి పెట్టుడు పది నిమిషాల పని. మార్కెట్‌కు బండి తెచ్చుకునే ప్రతి ఒక్కరికి ఇది చెప్తున్న: ఆరు నెలలకోసారి దాన్ని బయటికి తీసి చూడండి.

దీంతో సిగ్నల్ దగ్గర వేడెక్కుడు పోయింది. గూడెప్పాడ్ కథ మాత్రం పోలే.

మళ్లీ నెల ఆగిపోయిన చోటనే, చింతచెట్టు నీడకు బండి ఆపిన. ఇంజన్ బంద్ చెయ్యకుండ బానెట్ లేపి కంప్రెసర్ చూసిన. బెల్టు పుల్లీని తిప్పుతనే ఉన్నది. దాని ముందటి గుండ్రటి ప్లేటు మాత్రం కదలకుండ నిలబడ్డది. బాపు అద్దంలో నుంచి "ఏమైంది రా?" అంటే నాకు పట్టరాని సంతోషం, జబ్బు దొరికిందని.

ఏసీ బటన్ నొక్కితే పుల్లీ వెనకున్న రాగి కాయిల్‌కు కరెంటు పోయి అయస్కాంతమయితది. అది ముందటి ప్లేటును లాగి పుల్లీకి అతుకపెట్టుకుంటది, అప్పుడే కంప్రెసర్ తిరుగుతది. టక్కున వినపడే చప్పుడు అదే. మీటర్ పెట్టి చూస్తే కాయిల్ వైరుకు 13 వోల్టుల పైన వస్తున్నది. అంటే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ అన్నీ సక్కగున్నయి. కరెంటొచ్చినా ప్లేటును లాగే బలం చాలుత లేదు. ఏండ్ల తరబడి అతుక్కొని విడిపోతుంటే ప్లేటు అరిగి నడుమ సందు పెరుగుతది. ఇంజన్ వేడికి రాగి తీగ నిరోధం కూడ పెరుగుతది, 70 డిగ్రీలు వేడెక్కితే పావు వంతు దాక. కరెంటు తగ్గి అయస్కాంతం బలం తగ్గుతది. అందుకే చల్లగున్నప్పుడు పట్టి, వేడెక్కినంక వదిలేసింది. అర్ధగంట ఆపితే మళ్లీ పట్టేది.

ఇక్కడ ఒక మాట. తిరుగుతున్న బెల్టు దగ్గర చెయ్యి, తువ్వాల, వదులు చొక్కా ఏదీ పోవద్దు. నేను దూరం నుంచే చూసిన. మీటర్ వైర్లు కూడ ఇంజన్ బంద్ చేసి తగిలించినంకనే మళ్లీ స్టార్ట్ చేసిన.

ఆదివారం బ్యాటరీ మైనస్ తీసేసి, జాకీ ఎత్తి కింద స్టాండ్ పెట్టి, డ్రైవర్ వైపు ముందు చక్రం విప్పిన. లోపలి ప్లాస్టిక్ తీస్తే కంప్రెసర్ మొఖం ఎదురుగ ఉంటది. మా గల్లీలో బండ్ల మెకానిక్ తమ్ముడి దగ్గర ట్యాపెట్లు సెట్ చేసే గేజి అడుక్కొచ్చి సందులో పెట్టి చూసిన. 0.85 మిల్లీమీటర్లు. నా కారుకు 0.3 నుంచి 0.6 నడుమ ఉండాలె.

ప్లేటు నడుమ ఒక్కటే బోల్టు, 10 నంబర్ పానా. ప్లేటు తిరగకుండ పాత రబ్బరు బెల్టు ముక్క చుట్టి పట్టుకొని విప్పిన. ప్లేటును మెల్లగ ముందుకు గుంజితే వచ్చింది. లోపల ఇరుసు మీద రెండు వాషర్లు, గోరంత మందం కూడ లేవు. వాటినే షిమ్‌లంటరు. ఒకటి తీసేసి, తుప్పు తుడిచి, ప్లేటు మళ్లీ పెట్టి బిగించిన. మూడు చోట్ల కొలిస్తే 0.45. పుల్లీని చేత్తో తిప్పి ఎక్కడా రాసుకుంటలేదని చూసుకున్న. సందు మరీ తక్కువైతే ప్లేటు రుద్దుకొని కాలిపోతది కాబట్టి ఈ తిప్పి చూసుడు మర్చిపోవద్దు. తియ్యడానికి షిమ్ మిగలకపోతే క్లచ్, అంటే ఈ ప్లేటు, పుల్లీ, కాయిల్ మొత్తం, మార్చుడే.

గ్యాస్ మాత్రం ఇంట్లో ముట్టలే, మీరు కూడ ముట్టొద్దు. నా కారు ఏసీలో ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 26 డిగ్రీలకే మరుగుతది. పైపు విప్పితే చిమ్మింది చిమ్మినట్టు చర్మాన్ని గడ్డ కట్టిస్తది, కంట్లో పడితే చూపుకే మోసం. గాలిలోకి వదిలితే భూమిని వేడెక్కించే గుణం కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైన. గ్యాస్‌ను గుంజి తూకం వేసే మెషీన్ ఉన్న ఇంకో దుకాణానికి పోయిన. బానెట్ కింది స్టిక్కర్ మీద 450 గ్రాములని ఉంటే, నా కారులో నుంచి 570 వచ్చింది. రెండేండ్లూ అయిపోయిందని పట్టింది ఎక్కువైన గ్యాస్. ఎక్కువైనా ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతదని అక్కడి పిల్లగాడే చెప్పిండు. అర్ధగంట వ్యాక్యూమ్ పెట్టి, తేమ పోయినంక, 450 తూకం వేసి ఎక్కించిండు.

మొన్న చెకప్‌కు పోయినం. ఎండ 43 డిగ్రీలు. వెంటు దగ్గర వంటింటి థర్మామీటర్ గుచ్చిన. గూడెప్పాడ్ చౌరస్తా దగ్గర 9 చూపించింది. అది దాటినంక కూడ అంతే. హన్మకొండలో సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగితే 12కు వచ్చి అక్కడనే నిలబడ్డది. పక్కకు చూస్తే బాపు తువ్వాల ఒళ్లో మడిచి పెట్టుకొని నిద్రపోతున్నడు. దారి పొడుగునా ఒక్కసారి దగ్గలే. ఆసుపత్రి ముందు లేపితే, "అప్పుడే వచ్చినమా?" అన్నడు.