గండిపేట ఆల్చిప్పకు టాంగాన్యీకా చుట్టాలు

ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టుకు ప్రాచీన సరస్సుల ఆల్చిప్పల వర్గీకరణ తీసుకున్నాను. హైదరాబాదులో కూర్చుని ఆఫ్రికా సరస్సు మీద ఏం చేస్తావని ఇంట్లో అందరూ అడిగారు. నిజమే, మన చెరువులు మనుషులు కట్టినవి. హుస్సేన్‌సాగర్‌ది 1562, గండిపేటది 1920. నేను ఎంచుకున్న టాంగాన్యీకా సరస్సు వయసు మాత్రం 90 లక్షల నుంచి కోటీ 20 లక్షల ఏళ్లు. అన్నేళ్లు నిలిచిన నీళ్లలో ఇంకెక్కడా కనిపించని ఆల్చిప్పలు ఉన్నాయి: గ్రాండిడియేరియా, మోన్సెటియా, బ్రజ్జేయా, సూడోస్పాతా. వీటికి చుట్టాలెవరో తేల్చాలన్నదే నా తపన.

మొదట ఫొటోలు, పాత వర్ణనలు ముందేసుకుని ఆకారాన్ని బట్టి పట్టిక గీశాను. మూడు వారాలు పట్టింది. మా సార్ దాన్ని చూసి ఏమీ అనకుండా ఒక ట్రే తెచ్చి పెట్టారు. అందులో కొన్ని మందంగా పొట్టిగా, కొన్ని పలచగా సాగి ఉన్నాయి. ‘ఇవి ఎన్ని జాతులు?’ అన్నారు. మూడని చెప్పాను. ‘ఒక్కటేనమ్మా. కొన్ని పారే నీళ్లవి, కొన్ని నిలవ నీళ్లవి’ అన్నారు.

19వ శతాబ్దంలో బూర్గిన్యా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త టాంగాన్యీకా గుల్లలకు ఇలాగే, కాస్త తేడా కనిపించినప్పుడల్లా కొత్త పేరు పెట్టుకుంటూ పోయాడు. వాటిలో చాలా పేర్లను తర్వాతివాళ్లు ఒకదానిలో ఒకటి కలిపేశారు. పోలిక ఇంకోలా కూడా మోసం చేస్తుంది. ఇండొనేసియాలోని పోసో సరస్సులో పోసోస్ట్రియా అనే ఆల్చిప్ప రాయికి అతుక్కుని అచ్చం సముద్రపు ఆయిస్టర్‌లా ఉంటుంది. 1998లో దాన్ని వర్ణించినవాళ్లు అది ఆయిస్టర్ కాదని, కార్బిక్యులా అనే మంచినీటి ఆల్చిప్పల కుటుంబానిదని చెప్పారు.

అందుకని లోపల చూడటం నేర్చుకున్నాను. గండిపేట ఒడ్డు బురదలో దొరికిన లామెల్లిడెన్స్ అనే ఆల్చిప్పతో మొదలుపెట్టాను. రెండు చిప్పల సందులో స్కాల్పెల్ దూర్చి, ముందొకటి వెనకొకటి ఉన్న కండరాలు కోస్తే చిప్ప మెల్లగా తెరుచుకుంది. కీలు దగ్గర పొడవాటి రేకుల్లాంటి పళ్లు కనిపించాయి. వెలుపలి మొప్పలు ఉబ్బి ఉన్నాయి. సూదితో చీల్చి ఒక చుక్క స్లైడు మీద వేస్తే, రెండేసి చిట్టి చిప్పలున్న లార్వాలు వందల్లో! వీటినే గ్లోకీడియా అంటారు. చేపను పట్టుకుని పెరిగే దశ ఇది. ఆ రోజు భోజనం సంగతే మర్చిపోయాను.

డీఎన్‌ఏ దగ్గర దెబ్బ తిన్నాను. నమూనాలన్నీ ఫార్మలిన్‌లో దాచాను. పరీక్ష చేయించిన ల్యాబు వాళ్లు, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది, 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టాల్సిందన్నారు. నెల రోజుల కష్టం పోయింది. ఏడుపొచ్చింది. మళ్లీ బురదలోకి దిగాను.

రెండోసారి వచ్చిన డీఎన్‌ఏ వరసలను ప్రచురితమైనవాటితో కలిపి వంశవృక్షం గీశాక అసలు విషయం కళ్లబడింది. 2011లో జరిగిన పరిశోధనలోనే ఆఫ్రికా ఆల్చిప్ప సీలటూరా, మన నదుల్లో ఉండే ఆల్చిప్ప పారేసియా ఒకే కొమ్మ అని తేలింది. ఆ తర్వాతి పనులతో పారేసినే అనే ఉపకుటుంబం స్థిరపడింది. మన లామెల్లిడెన్స్ అందులోదే, టాంగాన్యీకా గ్రాండిడియేరియా కూడా అందులోదే. బర్టన్, స్పీక్ అనే ఇంగ్లిషు అన్వేషకులు 1858లో ఆ సరస్సు చేరితే, ఆ మరుసటేడు వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త బర్టన్ పేరు మీద ‘బర్టోనీ’ అని పేరు పెట్టిన గుల్ల అది. దాని చుట్టం గండిపేట బురదలో ఉంది!

అప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆల్చిప్ప వీపును గరుకు బండ మీద రుద్ది, చిల్లు పడ్డాక ఆ అంచుతోనే మాగాయకు మామిడికాయల చెక్కు తీసేది. ఊరెళ్లి వంటింటి అటకంతా వెతికితే, చీర పేలికలో చుట్టిన చిప్ప దొరికింది. చిల్లు అంచు అరిగి నున్నబడింది. తిరగేసి వెలుతురులో పట్టి చూశాను. కీలు చెక్కుచెదరలేదు. అవే పొడవాటి పళ్లు, లామెల్లిడెన్సే.