దీర్ఘం మింగేసింది

మొన్న ఆదివారం మా ఎనిమిదేళ్ళ అమ్మాయి నానమ్మకి వీడియో కాల్ చేసి, మొహం వేలాడేసుకుని, "నానమ్మా, మనవడు పోయాడు" అంది.

అత్తయ్య చేతిలో ఫోను జారిపోయింది. మాకు సీలింగ్ ఫ్యాను తప్ప ఇంకేం కనబడటం లేదు, ఆవిడ కేకలు మాత్రం మా ఇల్లంతా వినిపిస్తున్నాయి. పక్కగదిలోంచి మా పన్నెండేళ్ళవాడు పరిగెత్తుకొచ్చి "నానమ్మా, నేనున్నాను! పోయింది వాక్యూమ్!" అని అరిచాక గానీ ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు.

మా పిల్ల అనబోయింది "మనవాడు" అని. దీర్ఘం మింగేసింది.

ఆ మనవాడు మా రోబో వాక్యూమ్ క్లీనర్. పేరు గుండుగాడు. అత్తయ్య మా దగ్గర ఆర్నెల్లు ఉన్నప్పుడు పెట్టిన పేరు. ఏ కంపెనీవాడో ఎందుకు లెండి, పోయినవాణ్ణి ఆడిపోసుకోకూడదు. లేజర్‌తో గది కొలిచి మ్యాపు గీసుకునే ఇప్పటి తెలివైన బాపతు కాదు. 2002లో రూంబా అనే రోబో వాక్యూమ్ తొలిసారి వచ్చినప్పటి పద్ధతే వీడిదీ: గోడకి గుద్దుకోవడం, పక్కకి తిరగడం, మళ్ళీ ఇంకోదానికి గుద్దుకోవడం. గుద్దుకున్నప్పుడల్లా అత్తయ్య "కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు?" అనేది.

వాడికి నల్ల తివాచీ అంటే చచ్చేంత భయం. మెట్ల మీంచి పడిపోకుండా కింద ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి. నేల మీద పడిన వెలుగు తిరిగి రాకపోతే అక్కడ గొయ్యి ఉందనుకుంటాయి. నలుపు ఆ వెలుగుని పీల్చేస్తుంది. దాంతో వాడు తివాచీ అంచుకొచ్చి ఠక్కున ఆగి, వెనక్కి తగ్గేవాడు. "అది గొయ్యి కాదురా సన్నాసీ, తివాచీ. రా, నేనున్నాగా" అని అత్తయ్య సోఫాలోంచి ధైర్యం చెప్పేది.

అత్తయ్య వెళ్ళిపోయాక ఆ మాటలన్నీ మా అమ్మాయి అందుకుంది. అఆల చార్టు అంటించాం, శనివారం క్లాసుకి పంపాం, బతిమాలాం, బెదిరించాం. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, గుండుగాడితో మాత్రం అచ్చతెలుగు. నాకు కొంచెం కుళ్ళుగానే ఉండేది.

వచ్చిన చిక్కల్లా ఆ తెలుగంతా తిట్లే, అంతా 'రా' పిలుపే. ఓసారి మావారి మేనమామ భోజనానికి రెండు గంటలు ఆలస్యంగా వస్తే, తలుపు తీసి ఎంతో ప్రేమగా "ఎక్కడ ఇరుక్కున్నావురా?" అని అడిగింది. ఆయన పెద్దమనసు, ట్రాఫిక్‌లో అన్నాడు.

ఒకసారి బ్యాటరీ మార్చాం. ఈసారి చక్రం మోటారు కాలిపోయింది. ఒకటే చక్రంతో పొద్దున్నించి ఉన్నచోటే ప్రదక్షిణలు చేసి ఆగిపోయాడు. మావారు విప్పి చూస్తే నా చెవిదిద్దు దొరికింది. రెండేళ్ళుగా ఆయన్ని అంటున్నాను దాని గురించి. ఆయన ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే ఎక్కువగా ఉంది.

పిల్లలు మాత్రం వ్యాకరణం మీద పడ్డారు. మావాడు "యంత్రం కదా, 'పోయింది' అనాలి, 'పోయాడు' కాదు. వాక్యూమ్ అంటే 'అది'" అన్నాడు. దానికి చెల్లెలు, "నానమ్మ నన్ను కూడా 'అదెక్కడుంది?' అని అడుగుతుందిగా. మరి నేనూ యంత్రమేనా?" అంది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను పొయ్యి మీద ఏదో ఉందన్నాను.

లిథియం బ్యాటరీని చెత్తబుట్టలో వెయ్యకూడదు, చెత్త బండిలో నలిగితే అంటుకుంటుంది. అందుకని బ్యాటరీని విడిగా ఒక కవర్లో పెట్టి, గుండుగాణ్ణి తువ్వాలులో చుట్టి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోటికి వెళ్ళాం. తువ్వాలు అమ్మాయి పట్టుదల. కౌంటరు దగ్గర వాణ్ణి రెండు చేతులతో ఎత్తి, "పోయిరా, గుండూ" అంది.

"వాడు రాడు కదా, 'రా' ఎందుకు?" అన్నాడు అన్న.

"ఉత్తి 'పో' అనకూడదు. నానమ్మ చెప్పింది."

కౌంటరు వెనకాల మనిషి ఇంకా చేతులు చాచుకునే ఉన్నాడు. తువ్వాలు కూడా ఇచ్చేయాలా వద్దా అన్నదాని మీద మా వాళ్ళిద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.