మా ఎస్టీమ్‌కి ఇంట్లో చేసిన ఎయిర్ ఇంటేక్: నా అనుభవం

నాన్న 2004లో కొన్న మారుతి ఎస్టీమ్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. 1298 సీసీ, 85 హార్స్‌పవర్, బరువు తక్కువ, అందుకే మూడో గేర్‌లో తొక్కితే ఇప్పటికీ బాగా లాగుతుంది. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాం, అమ్మాలని ఎవరికీ లేదు. ఆ బండికి షార్ట్ ర్యామ్ ఇంటేక్, అంటే ఇంజన్ గాలి పీల్చే పొట్టి దారి, నా చేత్తో చేసి పెట్టాలని చాలాకాలంగా ఉండేది. కంపెనీ ఇచ్చిన ఫిల్టర్ డబ్బా, దాని గొట్టాలు తీసేసి, థ్రాటిల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌లోకి గాలి వదిలే భాగం) ఒక పొట్టి పైపు, దాని చివర కోన్ ఫిల్టర్, చూడటానికి అంతే పని.

మొదటిసారి ప్లంబింగ్ షాపులో 63 ఎంఎం పీవీసీ పైపు ముక్క, ఒక ఎల్బో, నాలుగు హోస్ క్లిప్పులు తెచ్చాను. ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోయింది. ఎస్టీమ్‌లో గాలిని లెక్కపెట్టే మాఫ్ సెన్సర్ ఉండదు, మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సరే, కాబట్టి పైపు సైజు మారినా ఇంజన్ పెద్దగా పట్టించుకోలేదు. మాఫ్ ఉన్న బండ్లలో మాత్రం పైపు వెడల్పు మారిస్తే ఆ లెక్క తప్పుతుంది, అది చూసుకోకుండా దిగకండి. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే మూడు వేల ఆర్‌పీఎమ్ దాటగానే గుర్రుమని లోతైన శబ్దం. ఆ సాయంత్రం ఊరికే రెండుసార్లు గుంటూరు రోడ్డు దాకా వెళ్లొచ్చాను, అంత సంతోషం.

రెండు వారాలకి మే నెల ఎండలో బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు ఇరుక్కున్నాను. సిగ్నల్ దాటాక బండి మొద్దుబారినట్టు కదిలింది, రెండో గేర్‌లో ఏసీ ఆపితే తప్ప లాగలేదు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూస్తే క్లిప్పు బిగించిన చోట పీవీసీ మెత్తబడి, క్లిప్పు అంచు పైపులోకి దిగిపోయింది, ఫిల్టర్ బరువుకి పైపు కిందకి వాలి బ్యాటరీ మీద ఆనుకుని ఉంది. పీవీసీ 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఇంజన్ పక్కన అది పెట్టకూడదు.

అప్పుడు అక్వేరియంలో వాడే చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని, దాని వైరు చివర ఉండే ప్రోబ్‌ని ఫిల్టర్ పక్కన టేపుతో అంటించి, డిస్‌ప్లేని డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను. బయట 39 డిగ్రీలు ఉన్న రోజు, రోడ్డు మీద అరవై వేగంతో పోతుంటే 47 చూపించింది. పది నిమిషాలు సిగ్నల్‌లో నిలబడితే 71. గాలి ప్రతి మూడు డిగ్రీల వేడికి దాదాపు ఒక శాతం పలచబడుతుంది. అంటే సిగ్నల్ దగ్గర నా ఇంజన్ పీల్చే గాలి బయటి గాలి కంటే తొమ్మిది శాతం పైనే పలచన. ఆ శబ్దం విని పవర్ పెరిగిందనుకున్నాను గానీ నిజానికి తగ్గింది. కంపెనీ డబ్బా ముందు వైపు నుంచి చల్లగాలి ఎందుకు తీసుకుంటుందో ఆ అంకెలు చూశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

రెండో ప్రయత్నం ఆటోనగర్‌లో. అల్యూమినియం పైపు కోయించి, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) నుంచి వచ్చే బ్రీదర్ గొట్టం, అంటే ఇంజన్ లోపలికి గాలి ఆడే గొట్టం, తగిలించడానికి చిన్న ముక్క ఆర్గాన్ వెల్డింగ్ చేయించాను. ఆ బ్రీదర్‌ని చాలామంది గాలికి వదిలేస్తారు, దయచేసి అలా చేయకండి, వడకట్టని దుమ్ము దాంట్లోంచి నేరుగా క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే గదిలోకి, పోతుంది. గాలి వేడి చూసే సెన్సర్‌కి కూడా పైపుకి కన్నం పెట్టించి రబ్బరు వాషర్‌తో బిగించాను. వెల్డింగ్ చేసిన పెద్దాయన పైపు నా చేతికిస్తూ, "బాబూ, కడక్కుండా బిగించమాక, రజను లోపలికి పోతే బోరుకి గీతలు పడిపోద్ది" అన్నాడు. రజను అంటే కోసినప్పుడు రాలే లోహపు పొడి, బోరు అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ. ఇంటికొచ్చి పైపు లోపల వేలు పెట్టి తిప్పితే నిజంగానే కన్నం అంచున వెంట్రుకంత సన్నటి అల్యూమినియం పీచు వేలికి గుచ్చుకుంది. ఆకురాయితో అంచు రుద్ది, సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగి, తెల్లగుడ్డ దూర్చి బయటికి లాగి, గుడ్డ మీద మెరుపు కనపడనంతవరకు మళ్లీ మళ్లీ తుడిచాను. అంతసేపూ థ్రాటిల్ బాడీ మూతికి శుభ్రమైన గుడ్డ కట్టే ఉంచాను.

అసలు శ్రమంతా ఆ తర్వాతే. ముందు అట్టతో నమూనా కోసుకుని, దాని ప్రకారం అల్యూమినియం రేకు కత్తిరించి ఫిల్టర్ చుట్టూ గోడ కట్టాను. రేకు పైఅంచుకి డోర్ బీడింగ్ తొడిగితే బానెట్ మూసినప్పుడు అది పైకి ఆనుకుని ఇంజన్ వేడిని లోపలికి రానివ్వదు. గ్రిల్ వెనక నుంచి ఆ గోడ లోపలికి ఒక మడత గొట్టం లాగాను. అట్ట మూడుసార్లు తప్పింది, రేకు ఒకసారి. రెండు ఆదివారాలు పట్టింది.

మళ్లీ అదే ఎండ, అదే థర్మామీటర్. బండి కదులుతుంటే 42. సిగ్నల్‌లో 56 దాకా వెళ్లి, కదిలిన రెండు నిమిషాల్లో దిగిపోతోంది. మూడో గేర్‌లో నలభై నుంచి ఎనభైకి ఎంత టైమ్ పడుతుందో ఫోన్‌తో ఒకే రోడ్డు మీద చాలాసార్లు కొలిచాం, నాన్న పక్కన కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కారు. పీవీసీ పైపుతో పాత డబ్బా కంటే వెనకబడ్డాం. ఇప్పుడు డబ్బా కంటే ముందున్నాం గానీ తేడా అర సెకను కూడా లేదు. మైలేజీ మారలేదు. శబ్దం మాత్రం నాకు చాలా ఇష్టం, దానికోసమైనా మళ్లీ చేస్తాను. ఫిల్టర్ పైన ఉండటం వల్ల వానాకాలంలో టెన్షన్ కూడా తక్కువ, బంపర్ కింద ఫిల్టర్ పెట్టుకున్న బండి నీళ్లలోకి దిగితే ఇంజన్‌లోకి నీళ్లు లాగేస్తుంది.

పాత డబ్బా, దాని గొట్టాలు, 10 నంబర్ బోల్టులతో సహా గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టాను. మళ్లీ ఫిట్‌నెస్‌కి వెళ్లేటప్పుడు అవే బిగించి తీసుకెళ్తాను.