ఎనిమిదో మద్రాస్: చేదు వదిలింది

నిన్న రాత్రి చేసిన మద్రాస్‌లో (ఇంగ్లండు ఇండియన్ హోటళ్ళలో ఆ పేరుతో దొరికే కారం కూర) చేదు లేదు! ఐదు వారాలుగా శనివారం ఒకటి, వీలైతే ఆదివారం ఒకటి చొప్పున ఇదే కూర చేస్తున్నాను. ఇక్కడ ఇంగ్లండులో 'ఇండియన్' అని బోర్డు పెట్టుకున్న హోటళ్ళు చాలావరకు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీలవే. వాళ్ళ మద్రాస్‌కీ మన మద్రాసుకీ పేరు తప్ప చుట్టరికం లేదు. అయినా ఆ రుచి ఇంట్లో రావాలని నా పట్టుదల.

బేస్ గ్రేవీ, అంటే ఉల్లిపాయలు ఉడికించి రుబ్బి ముందే చేసిపెట్టుకునే పులుసు, రెండోసారికే కుదిరింది. చికెన్ ముక్కలు ముందే ఉడికించి పెట్టుకోవడం కూడా అలవాటైపోయింది. ఇబ్బందంతా మసాలా పొడి, అదే కర్రీ పౌడర్ దగ్గరే.

మూడో ప్రయత్నం నుంచి ఏడో దాకా ఒకటే వరస. ముద్ద నోట్లో పెట్టగానే ఉల్లి తీపి, టమాటా పులుపు బాగానే తెలుస్తాయి. మింగాక నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు నాలిక మొదట్లో చేదు పట్టుకుంటుంది. నీళ్ళు తాగినా పోదు.

పొడి మాడుతోందేమోనని ముందు అనుమానించాను. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే పొడి వేసే సమయానికి నూనె 190 డిగ్రీలుంది. ఐదోసారి 150కి తగ్గించాను. పచ్చివాసన కూడా తోడైంది, చేదు మాత్రం తగ్గలేదు. వెల్లుల్లి మాడుతోందేమోనని ఆరోసారి అల్లంవెల్లుల్లి ముద్ద పూర్తిగా మానేశాను. కూర చప్పగా తయారైంది, చేదు అలాగే ఉంది. ఏడోసారి పొడితోపాటే నీళ్ళు కలిపిన టమాటా ప్యూరీ 60 మి.లీ. పోశాను. రంగు బాగా తిరిగింది, నూనె పైకి తేలింది. మా ఆవిడ ఒక్క ముద్ద తిని, "మెంతులెక్కువయ్యాయండీ" అంది.

నేను మెంతులు వేస్తేగా! పోపులో నాలుగు గింజలు ఎక్కువైతే మన నాలికకి వెంటనే తెలిసిపోతుంది. మరి ఇన్ని వారాలు నాకెందుకు తట్టలేదో.

మర్నాడు ఇంట్లో ఉన్న నాలుగు కర్రీ పౌడర్లూ తీసి, ఒక్కొక్కటి అర టీస్పూను చొప్పున 50 మి.లీ. వేడినీళ్ళలో కలిపి పది నిమిషాలు వదిలేశాను. మూడు గ్లాసుల్లో పొడి అడుక్కి దిగి, పైన పసుపుపచ్చటి నీళ్ళు తేరుకున్నాయి. నేను ఇన్నాళ్ళూ వాడుతున్న డబ్బాది మాత్రం తేరుకోలేదు. స్పూను పైకెత్తితే నానబెట్టిన మెంతుల నీళ్ళలా జిగటగా సాగింది. అది ఒక సూపర్‌మార్కెట్ సొంత సరుకు, 'హాట్' రకం. డబ్బా తిప్పి చూశాను. ఇక్కడ బరువు ఎక్కువున్న దినుసునే ముందు రాయాలి. ధనియాలు, పసుపు, ఆ వెంటనే మెంతులు, ఆ తర్వాతే జీలకర్ర. దీనిమీద నేను చివర్లో టీస్పూను కసూరి మేతి (ఎండు మెంతాకు) కూడా నలిపి వేస్తున్నాను.

హాట్ అని కనబడితే చాలు, మనవాళ్ళ చెయ్యి ఆ డబ్బామీదికే పోతుంది. ఈ కూరలకి మైల్డ్ కొనడమే మంచిది. మసాలా ఒక లెక్క, కారం ఒక లెక్క. రెండూ ఒకే డబ్బాలో ఉంటే ఒకటి పెంచాలన్నా రెండోది పెరుగుతుంది.

నిన్నటి కొలతలు: రాజా కంపెనీ మైల్డ్ మద్రాస్ కర్రీ పౌడర్ 2 పాళ్ళు, ధనియాలపొడి 2, జీలకర్రపొడి, పసుపు, పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరపపొడి) ఒక్కొక్కటి. ఈ మిశ్రమం ఒకటిన్నర టీస్పూన్లు, గుంటూరు కారం ఒక టీస్పూను, నూనె 45 మి.లీ. వేడి బేస్ గ్రేవీ మూడు విడతల్లో 75, 75, 150 మి.లీ. కసూరి మేతి అర టీస్పూనే. మొదటి రెండు విడతలకీ మంట తగ్గించలేదు, గరిటె పెట్టలేదు. అంచుల వెంట అంటుకున్నది గీకి మళ్ళీ కలిపాను. నేను వాడింది 24 సెం.మీ. అల్యూమినియం పాన్, నాన్‌స్టిక్‌లో ఆ అంటుకోవడమే ఉండదు.

చేదు పోయింది సరే, హోటలు గుమ్మంలో తగిలే ఆ ఘాటు ఇంకా పూర్తిగా రాలేదు. పైగా పొడినీ, కసూరి మేతినీ ఒకేసారి మార్చేశాను. అసలు దోషి ఏదో తేలలేదు. అందుకే తొమ్మిదోసారి రాజా అలాగే ఉంచి, మేతి మళ్ళీ టీస్పూనుకి పెంచుతాను. పదోసారి బోల్‌స్ట్స్ కంపెనీ కర్రీ పౌడర్. ఆ టిన్ను మూత తీసినప్పుడు వచ్చే వాసన నాకు చాలా ఇష్టం, నీళ్ళ పరీక్షలోనూ చక్కగా తేరుకుంది.

ఈలోగా బంగ్లాదేశీ కొట్లో సాత్‌కొరా ముక్కలు ఫ్రీజర్‌లో కనబడితే ఒక పాకెట్ తెచ్చాను. దబ్బకాయ చుట్టాన్ని చూసినట్టుంది, తొక్కతో సహా వండుతారట. వచ్చే శనివారం మేకమాంసంతో, కర్రీ పౌడర్ ఏమీ లేకుండా.