మూడు పట్టీలు, ఒకటే పొర

విజయనగరం జిల్లా గరివిడి చుట్టుపక్కల మాంగనీసు గనుల్లో పనిచేసినవారికి ఒక తగాదా బాగా తెలుసు: ఇక్కడ ఖనిజం ఎన్ని పొరలు? గోతి గోడ మీద మూడు నల్లని పట్టీలు కనిపించగానే మూడు పొరలని టన్నులు లెక్కగట్టే పెద్దలను చూశాను. "ఒకటే పొరండీ, మడతపడి మూడుసార్లు కనిపిస్తోంది" అంటే నవ్వేవారు.

మడత ఒక్కసారే పడితే ఇంత చిక్కు ఉండదు. ఇక్కడి రాళ్ళు పదేపదే మడతపడ్డాయి. మొదటి మడతలు ఎంత బిగుతంటే, రెండు భుజాలూ, అంటే మలుపుకు ఇరువైపుల భాగాలూ, సమాంతరంగా అతుక్కుపోయి, మలుపు దొరికితే తప్ప అది మడతని తెలియదు. తర్వాతి ఒత్తిడి ఆ మడతలనే మళ్ళీ వంచింది. ఆపైన అడ్డంగా మరో వంపు. అందుకే ఒకచోట గుమ్మటం, ఒకచోట తొట్టి, ఇంకోచోట కొక్కెం. ఈ ఆకారాలను భూగర్భ శాస్త్రవేత్త జాన్ రామ్సే 1960లలోనే వర్గీకరించి పెట్టాడు.

ఏ మడత ముందుది? నేనైతే ఇక్కడి ఖోండలైటు అనే రాయిని అడుగుతాను. ఒకప్పటి బంకమన్ను అది. సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం, భూమి లోతున 900 డిగ్రీల వేడిలో గార్నెట్, సూదుల్లాంటి సిలిమనైటు అనే ఖనిజాలు పట్టింది. అంత వేడిలో ఉంది కాబట్టే విరగకుండా వంగింది. పొర వంగినా సిలిమనైటు సూదుల వరుస వంగకుండా మడతకు నిలువునా సాగిపోతే, ఆ వరుసా ఆ మడతా ఒకే కాలానివి. సూదుల వరుస కూడా పొరతోపాటు వంగిందా, ఆ మడత తర్వాతిది. లెన్సు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఇక్కడి కోడూరు పేరుమీదే కోడురైటు అనే రాయి ఉంది. బ్రిటిష్ కాలపు భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ దొర దాన్ని శిలాద్రవం నుంచి పుట్టిందన్నాడు. మాంగనీసు ఉన్న అవక్షేపాలే రూపాంతరం చెందాయని తర్వాత చాలామంది వాదించారు. పక్క రాళ్ళతో కలిసి పొరలుపొరలుగా సాగే తీరు చూశాక నా ఓటు వీరికే.

ఇదంతా పాండిత్యం కోసం కాదు. మలుపు దగ్గర ఖనిజం లావెక్కుతుంది, భుజాల్లో సన్నబడి తెగిపోతుంది. భుజం మీద బోరు దింపి "ఖనిజం అయిపోయింది" అని రాసేస్తే ఎలా? మలుపు గీత, అంటే మడత మలుపు వెంట సాగే గీత, ఎటు వాలుతోందో దిక్సూచితో కొలవాలి. లావుపాటి ఖనిజం ఆ వాలు వెంటే కిందికి దిగుతుంది. రెండో మడత ఆ గీతనే వంచిన చోట వాలు దిశ కూడా మారుతుంది కనుక, ఒక్క కొలతతో బోరు స్థానం ఖాయం చేయకండి.