కళ్లు ఆర్పడంతో మొదలైంది

మా బాబు రెండో తరగతిలో ఉండగా కళ్లు టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. టీవీ ఎక్కువైందనుకుని కళ్ల డాక్టర్‌కి చూపించాం. చూపు బాగానే ఉందన్నారు. రెండు నెలలకి అది తగ్గి, ఊరికే గొంతు సవరించుకోవడం పట్టుకుంది. అలర్జీ అనుకుని సిరప్ తాగించాం. ఆ తర్వాత మెడ పక్కకి విదిలించడం. అత్తయ్య దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. నేనైతే "ఆపరా, అందరూ చూస్తున్నారు" అని రోజుకి ఎన్నిసార్లు అన్నానో. ఒక పెళ్లిలో చెయ్యి కూడా చేసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఏడాది దాటాక పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. స్కాన్లు రాస్తారనుకున్నాను. ఆయన మా ఫోన్‌లో వీడియోలు చూసి, ఏది ఎప్పుడు మొదలైందో అడిగి, టూరెట్ సిండ్రోమ్ అన్నారు. కావాలని చేయకపోయినా వచ్చే ఇలాంటి కదలికలూ శబ్దాలూ రెండూ ఉండి, ఏడాదికి పైగా సాగితే ఆ పేరు పెడతారట. ఇది ఉన్నవాళ్లు ఆపుకోలేక బూతులు అంటారని విన్నాను, వీడూ అలా మాట్లాడతాడేమోనని హడలిపోయాను. అది కొద్దిమందిలోనే ఉంటుందని చెప్పారు. మందులున్నాయి గానీ, చదువుకో నిద్రకో అడ్డమైతే అప్పుడు చూద్దామన్నారు.

"మెడ తిప్పే ముందు ఎలా ఉంటుంది నాన్నా?" అని వాణ్ణి అడిగారు.

"తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఉంటుంది కదా, అలా మెడలో ఉంటుంది. తిప్పితే పోతుంది."

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా అడగలేదు.

తర్వాత వారానికోసారి సైకాలజిస్ట్ దగ్గర బిహేవియర్ థెరపీ. మెడలో ఆ "తుమ్ము" రాగానే గడ్డం కాస్త కిందికి దించి, మెడ బిగించి, నెమ్మదిగా ఊపిరి వదలాలి. అద్దం ముందు ఇద్దరం కలిసి చేసేవాళ్లం. కొన్ని రోజులు బాగా కుదిరేది, పరీక్షలప్పుడు అస్సలు కుదిరేది కాదు.

నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది సాయంత్రాల సంగతి. స్కూల్లో బాగానే ఉంటున్నాడని టీచర్ చెప్పేవారు. ఇంటికొచ్చి బ్యాగ్ దించగానే మెడ, భుజం, గొంతు అన్నీ ఒక్కసారే. నా దగ్గర గారాలనుకునేదాన్ని. నిజానికి పగలంతా పళ్ల బిగువున ఆపుకుని, మా గుమ్మం దాటాకే వదిలేస్తున్నాడు పిచ్చితండ్రి. అప్పటినుంచి వాడు రాగానే అరగంట హోంవర్కూ లేదు, ప్రశ్నలూ లేవు. వాణ్ణి అడిగి, వాడు సరేనన్నాకే క్లాసులో పిల్లలకి టూరెట్ గురించి చెప్పించాం.

ఇప్పుడు వాడికి పదేళ్లు. 10–12 ఏళ్ల మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత చాలామందిలో తగ్గుతుందని డాక్టర్ ముందే చెప్పారు. ఈ నెలలో కళ్లు ఆర్పడం మళ్లీ వచ్చింది. నిన్న రాత్రి అన్నం తింటూ ఆర్పుతూనే ఉన్నాడు. అత్తయ్య చూసి, ఏమీ అనకుండా ఇంకో గరిటె పెరుగు వేశారు.